పేటంతా భార్య గొంతును తిప్పిన మైకాయన

మా వీధి చివర ఇంట్లో ఉండే మైకాయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. గుర్తింపు కార్డు మీద తప్ప అది ఎక్కడా వినపడదు. పేటలో ఎవరినడిగినా మైకాయనే. ఆయనకో ఆటో ఉంది. దాని నెత్తిన రెండు మైకులు, ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ మూతులు పెట్టుకొని ఉంటాయి, అలిగిన తోడికోడళ్ళలాగా. డ్రైవరు సీటు పక్కన యాంప్లిఫయరు, దాని కింద బ్యాటరీ. చెప్పుల షాపు తెరిచినా, పిల్లాడు తప్పిపోయినా, రెండు రోజులు నీళ్ళు రాకపోయినా, ఆస్పత్రిలో ఎవరికైనా రక్తం కావలసినా ఆ సంగతి ముందుగా ఆయన నోటనే వింటాం.

ఆ పని ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. పదో తరగతి తప్పి, మైకులు అద్దెకిచ్చే కొట్లో వైర్లు చుట్టే పనికి చేరాడు. ఒకరోజు ఆ కొట్టు యజమానికి గొంతు బొంగురుపోయింది. ఎవరో ముసలాయన తాళాలగుత్తి పోగొట్టుకొని ఏడుస్తున్నాడు. చేతిలో మైకు పెట్టి ‘నువ్వు చెప్పు’ అన్నాడట యజమాని. ఈయన చెప్పాడు. అరగంటలో తాళాలు దొరికాయి. ఆ రోజు నుంచి ఈనాటి వరకు ‘నా గొంతు ఎరగని చెవి ఈ పేటలో లేదు పెద్దమ్మా’ అని నాతో కనీసం వందసార్లు అని ఉంటాడు. వందసార్లూ నిజమే.

ఎండాకాలం వచ్చిందంటే ఆయనకు కరెంటు ఆఫీసు వాళ్ళ పని. సాయంత్రం ఆరయ్యేసరికి ఉద్యోగాల వాళ్ళంతా ఒక్కసారే ఇళ్ళు చేరతారు. ఏసీ, మోటారు, ఇస్త్రీ, మిక్సీ అన్నీ ఒక్కసారే తిరుగుతాయి. ఒక్క గుమ్మంలోంచి వందమంది ఒకేసారి దూరబోతే ఏమవుతుందో వైర్ల గతీ అంతే అవుతుంది. అందుకని ఆరు నుంచి పది గంటల దాకా పెద్ద పెద్ద యంత్రాలు ఆపుకోమని ఊళ్ళో చెప్పించాలి. పదకొండు ఎండాకాలాలు ఆ మాట చెప్పింది మైకాయనే.

చెప్పడమంటే కాగితం చదవడం కాదు. ముందు మైకులో రెండుసార్లు ఊదేవాడు. ఆఫీసు వాళ్ళిచ్చిన కాగితాన్ని అరనిమిషంలో గడగడా చదివి సీటు కింద పెట్టేవాడు. ఆ తర్వాతే అసలు పని. ఏ ఇంట్లో ఏముందో, ఎవరు ఎప్పుడు ఏది వేస్తారో ఆయనకు నోటికి వచ్చు.

“నీలం గేటు అక్కయ్యా, మోటారు పదింటికి వేసుకుంటే మీ ట్యాంకు ఏమైనా అలుగుతుందా? ఇస్త్రీ తాతా, చొక్కా మడతలు పొద్దున్న దాకా ఆగుతాయి, ఎక్కడికీ పారిపోవు. డాబా ఇంటి కాంట్రాక్టరు గారూ, ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకొని దుప్పటి కప్పుకోవడం దేనికండీ, ఇరవై ఆరులో పెట్టుకొని దుప్పటి మడత పెట్టుకోండి.”

జనం నవ్వుకుంటూనే స్విచ్చి కట్టేసేవాళ్ళు. నలుగురిలో తన పేరు రాకూడదని కొందరు, వచ్చినందుకు సిగ్గుపడి కొందరు. ఆటో ఇంకా వీధి మలుపులో ఉండగానే మోటార్లు ఆగిపోయిన రోజులు నాకు తెలుసు.

ఈ ఏడు ఆఫీసుకు కొత్త ఇంజనీరు వచ్చాడు. సరిగ్గా అప్పుడే కాంట్రాక్టరు వెళ్ళి కాగితం రాసిచ్చాడు, నా ఇంట్లో ఏసీలు ఎన్నున్నాయో, నేను ఏం కప్పుకుంటానో బజారులో చెప్పడానికి ఇతనెవరని. మాట న్యాయమైనదే, ఎవరింటి గుట్టు వాళ్ళది. ఇంజనీరు ఆలోచించాడు. ఇక మీదట మనిషి మాట్లాడక్కర్లేదు, ఒక మంచి గొంతుతో ఏ రోజుకారోజు కొత్తగా రికార్డు చేయించి అదే వీధివీధినా వేయిద్దాం అనుకున్నాడు.

మంచి గొంతు ఎక్కడ దొరికిందనుకున్నారు? మైకాయన ఇంట్లోనే.

వాళ్ళావిడ మార్కెట్టు దగ్గర డాక్టరు గారి క్లినిక్‌లో టోకెన్లు పిలుస్తుంది. మేడ మీద గది, మెట్ల దాకా జనం. ‘పన్నెండో నంబరు వారు లోపలికి రండి, పదమూడో నంబరు వారు సిద్ధంగా ఉండండి’, అంతే ఆవిడ ఉద్యోగం. కానీ ఆ అనడంలో ఏదో ఉంది. జ్వరంతో వణికేవాడు కూడా ఆ మాట విని సర్దుకొని కూర్చుంటాడు. ఇంజనీరుకు నడుం పట్టేసి ఒకరోజు అక్కడికి వెళ్ళాడట. ఇరవై మూడో నంబరు. గంటన్నర కూర్చున్నా కోపం రాలేదట. నడుం నొప్పికి మందు బిళ్ళలూ, ఆఫీసుకు గొంతూ ఒకేచోట దొరికాయని తనే అందరికీ చెప్పుకున్నాడు.

“ఏమండీ, ఇంజనీరు గారు నన్ను చదవమంటున్నారు” అని ఆవిడ వచ్చి చెబితే, “ఎక్కడ, ఆఫీసులో టోకెన్లా?” అన్నాడట మైకాయన. సంగతి తెలిశాక అన్నం ముందు నుంచి లేచిపోయాడు. వాళ్ళ వంటింటి కిటికీ మా పెరటి వైపు ఉంటుంది. నేను వినాలని వినలేదు, తోటకూరకు నీళ్ళు పోస్తున్నాను.

అలా మొదలైంది. రోజూ సాయంత్రం ఆటో తోలేది మైకాయన, పైన మాట్లాడేది వాళ్ళావిడ. ‘విద్యుత్ వినియోగదారులకు విజ్ఞప్తి. సాయంత్రం ఆరు గంటల నుంచి పది గంటల వరకు కరెంటు వాడకం చాలా ఎక్కువగా ఉంటుంది. దయచేసి ఆ సమయంలో నీటి మోటార్లు, గీజర్లు, ఇస్త్రీ పెట్టెలు వాడకండి. మీరు ఆపిన ఒక్క స్విచ్చితో ఇంకొకరి ఇంట్లో దీపం వెలుగుతుంది.’ అంత మాత్రమే. మైకాయనకు మూసిన నోటితో స్టీరింగు పట్టుకోవడం తప్ప పని లేదు.

జనం మాత్రం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. నీలం గేటు ఆవిడ ఆటో ఆపించి రెండోసారి వేయమంది. “అబ్బ, పాలు పోసినట్టుంది బాబూ మీ ఆవిడ గొంతు. ఇంట్లో ఇలాగే మాట్లాడుతుందా నీతో?” అంది. మైకాయన మొహం చూడాలి, ఆముదం తాగినవాడిలా పెట్టాడు. క్లినిక్ కిందికి ఆటో వచ్చినప్పుడైతే పైన కూర్చున్న రోగులంతా నవ్వు. ‘అమ్మా, మీరు కిందా ఉన్నారు, మీదా ఉన్నారు’ అని. ఆవిడ సిగ్గుపడి, ఆటో వెళ్ళేదాకా టోకెన్లు పిలవడం ఆపేది. ఆ సిగ్గు సంగతి కూడా మైకాయన చెవిన పడింది.

మనిషికి కుళ్ళు పుడితే నిద్రా తిండీ ముందు పోతాయంటారు. ఈయనకు పాటలు పోయాయి. ఆటో తుడుస్తూ ఎప్పుడూ ఏదో పాడుకునేవాడు, అది మానేశాడు. ఫోనులో ఆ రికార్డు పెట్టుకొని మళ్ళీ మళ్ళీ విన్నాడు. మెచ్చుకోవడానికి కాదు, తప్పు పట్టడానికి. పద్నాలుగోసారికి దొరికింది.

“ఒక మాట అడుగుతాను. ‘దయచేసి’ తర్వాత ఊపిరి ఎందుకు పీల్చావు నువ్వు?”

“ఊపిరి ఆడాలి కదండీ మరి.”

“నేను పదకొండేళ్ళు చదివాను. ఎక్కడైనా పీల్చానా?”

“ఓహో, మీరు పదకొండేళ్ళూ దాచిందంతా మిగిలే ఉంది కదా. అందులోంచి ఒక్క చుక్క నేను వాడుకున్నాను, అనుకోండి.”

ఆవిడ నవ్వుతూనే అంది. ఆయనకు మాత్రం కారం రాసినట్టయింది. మర్నాడు సెలూనులో గడ్డం చేయించుకుంటూ ఆ ఊపిరి సంగతి పదిమంది ముందు బయటపెట్టాడు. నేర్చుకున్న గొంతైతే అలా మధ్యలో తెగదు, చెవి పెట్టి వినండి, మీకే తెలుస్తుంది అన్నాడు. సెలూను అతను కత్తి పైకెత్తి ఆగాడు.

“నిజమే బావా. సరిగ్గా ఆ ఊపిరి దగ్గరే నా చెయ్యి స్విచ్చి మీదికి పోతుంది. ఎవరో మనల్ని బతిమాలుతూ ఒక్క క్షణం ఆగినట్టుంటుంది.”

ఆ తర్వాత పేటంతా ఆ ఊపిరి కోసమే చెవులు రిక్కించింది. తప్పు చూపించబోయి అందం చూపించినట్టయింది ఆయన పని.

వారం తిరిగేసరికి ఇంజనీరు ఆఫీసు గోడకు ఒక కాగితం అంటించాడు. మా పేటలో ఆరు నుంచి పది దాకా వాడకం బాగా తగ్గిందని, గొంతు ఇచ్చిన సోదరికి కృతజ్ఞతలని. మైకాయన ఆ కాగితం ముందు ఎంతసేపు నిలబడ్డాడో, మా తమ్ముడి కోడలు బిల్లు కట్టడానికి వెళ్ళినప్పుడూ, కట్టి వచ్చినప్పుడూ అక్కడే ఉన్నాడట. చివరికి లోపలికి వెళ్ళి అడిగాడు.

“సార్, నేను చెప్పినప్పుడు ఎంత తగ్గేది?”

ఇంజనీరు మంచివాడే. మొహమాటపడ్డాడు. “అప్పట్లో ఎవరూ లెక్క తీయలేదండీ.”

పదకొండేళ్ళు గొంతు చించుకున్నవాడికి ఆ మాట ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. వాడకం తగ్గించానో లేదో తనకే ఎప్పటికీ తెలియదు. వాళ్ళావిడకు వారంలో తెలిసింది, అచ్చులో, గోడ మీద.

ఆ రోజు సాయంత్రమే ఆ పని చేశాడు. మైకు పని తెలిసినవాడికే తట్టే పని అది. సౌండు తగ్గిస్తే ఎవరైనా పట్టుకుంటారు. ఆయన సౌండు ముట్టుకోలేదు. యాంప్లిఫయరు మీద ట్రెబుల్ అని ఒక మర ఉంటుంది, మాటలోని అంచులు పదునుగా వినపడేది దానివల్ల. దాన్ని మొత్తం కిందికి తిప్పేశాడు. పక్కన మాటను బరువెక్కించే బేస్ మరను పైకి తిప్పాడు. అంతే. గొంతు గట్టిగానే వస్తోంది, కానీ కుండలో తల పెట్టి మాట్లాడినట్టు. ‘దయచేసి’ అన్నది ‘దొయొచొ’ అయింది. ‘మోటార్లు’ ఏమయ్యాయో మోటార్లకే తెలియాలి.

“ఏం బాబూ, మీ ఆవిడకు జలుబు చేసిందా?” అని నీలం గేటు ఆవిడ అడిగింది.

“ఏమో అక్కయ్యా, అలవాటు లేని గొంతు కదా, అలిసిపోయిందేమో” అన్నాడు. ఆ రాత్రి కడుపు నిండా తిన్నాడట.

ఇలా మూడు సాయంత్రాలు గడిచాయి. నేను కూడా మందారం కొమ్మ పట్టుకొని నిలబడి, ఇదేమిటి ఈ పిల్ల గొంతు ఇలా చచ్చిపోయిందనే అనుకున్నాను. దారిలో కనపడితే అడిగేశాను కూడా. ఆవిడ చెయ్యి గొంతు మీదికి వెళ్ళింది. “అందరూ అదే అంటున్నారత్తయ్యా. మాట్లాడుతుంటే నాకు మాత్రం తేడా తెలియడం లేదు. పొద్దున్నా సాయంత్రం ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నాను” అంది.

నాలుగో రోజు మధ్యాహ్నం అసలు ఉపద్రవం వచ్చింది. మా పేటకు రెండు ట్రాన్స్‌ఫార్మర్లు. ఎండకు ఒకటి కాగి నూనె కారుతుంటే రిపేరుకు తీసుకుపోయారు. మొత్తం బరువు రెండోదాని మీద పడింది. ఇంజనీరు గబగబా వాళ్ళావిడతో కొత్త మాటలు చదివించాడు. ఈ రెండు రోజులు సాయంత్రం ఆరు నుంచి పది దాకా మోటారు, ఏసీ, ఇస్త్రీ అసలు వద్దు, ఒక్క ట్రాన్స్‌ఫార్మరే ఉంది, అది పోతే నాలుగు వీధులకు కరెంటు ఉండదు, ఫ్యాన్లు, లైట్లు మాత్రం వేసుకోండి అని. మైకాయన ఫోనుకు పంపి, ప్రతి సందులో మూడేసిసార్లు వేయమన్నాడు.

ఇది మామూలు విజ్ఞప్తి కాదని మైకాయనకు తెలుసు. మా వీధి మొదట్లో ఆటో ఆపి ట్రెబుల్ మర మీద చెయ్యి కూడా వేశాడట. ఆ సంగతి ఆయనే తర్వాత నాతో చెప్పాడు. సరిగ్గా అప్పుడు కాంట్రాక్టరు గేటు దగ్గర ఎవరితోనో అంటున్నాడు.

“ఆ మైకాయన నోరు మూయించి పేటకు మంచి చేశానయ్యా. ఆ అమ్మాయి మాట్లాడితే వినాలనిపించేది. ఈ మధ్య గొంతు బాగాలేదు గానీ, అయినా ఇతగాడి కంటే వెయ్యిరెట్లు నయం.”

మర మీది చెయ్యి వెనక్కి వచ్చింది. కుండ గొంతు ప్రతి సందులో మూడేసిసార్లు తిరిగింది. జనం రోజూ వినేదే అనుకున్నారు. రోజూ వినేదీ నాలుగు రోజులుగా అర్థం కావడం లేదు కాబట్టి అదీ పట్టించుకోలేదు. ఆరు కొట్టేసరికి ఎవరి మోటారు వాళ్ళు వేశారు. ఏడూ నలభైకి మూల మీది ట్రాన్స్‌ఫార్మరు ‘ఢాం’ అని పేలింది. నాలుగు వీధులూ చీకటి.

నేను అప్పుడు డాక్టరు గారి క్లినిక్‌లోనే ఉన్నాను, మోకాలి నొప్పికి, పంతొమ్మిదో నంబరు. ఇన్వర్టరు డాక్టరు గది వరకే. హాలూ మెట్లూ కాటుక పూసినట్టు ఉన్నాయి. ఎవరి ఫోను వెలుతురు వాళ్ళ పాదాల ముందే పడుతోంది. పసిపిల్ల ఏడుపు అందుకుంది, ఎవరో ముసలాయన లేవబోయి బెంచీకి తగిలాడు. అప్పుడు ఆవిడ గొంతు వచ్చింది. మైకు లేదు, రికార్డు లేదు.

“ఎవరూ లేవకండి. నంబర్లు నాకు గుర్తున్నాయి. పదిహేడో నంబరు తాతయ్యా, మీ కుడిచేతి వైపు గోడ ఉంది, పట్టుకోండి. ఏడడుగులు వేస్తే నేనుంటాను. పద్దెనిమిదో నంబరు అమ్మా, పాపను ఎత్తుకొని కూర్చోండి, తాతయ్య రాగానే మీరే.”

ఒక్కొక్కరే కదిలారు. తోపులాట లేదు, కేక లేదు. అప్పుడే మెట్ల మీద ఎవరో పరుగున వచ్చి ఆగిన చప్పుడైంది. నేను మెట్ల పక్కనే ఉన్నాను. ఆయాసం వినపడుతోంది. నా ఫోను వెలుతురు అటు తిప్పాను. మైకాయన. చెయ్యి అడ్డం పెట్టి, తిప్పొద్దు పెద్దమ్మా అన్నట్టు సైగ చేశాడు.

“మెట్ల మీద ఎవరండీ? మీ నంబరు ఎంత?” అంది ఆవిడ అటునుంచి.

ఆయన ఒక మెట్టు కిందికి దిగాడు.

“నంబరు లేకపోయినా పర్వాలేదు. అక్కడే కూర్చోండి, పిలుస్తాను.”

తేలు కుట్టిన దొంగలా మెట్టు మీద కూలబడ్డాడు. నా నంబరు వచ్చి నేను లోపలికి వెళ్ళి తిరిగొచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు. పక్కన కూర్చొని మెల్లిగా అడిగాను, ఏం నాయనా అని. “చూశావా పెద్దమ్మా” అన్నాడు, పళ్ళు బిగబట్టి. “ఆవిడకు మైకైనా అక్కర్లేదు. నాకు పదకొండేళ్ళు బ్యాటరీ కావలసి వచ్చింది.” అది పశ్చాత్తాపం అనుకునేరు. కాదు. అప్పుడు కూడా కుళ్ళే.

మర్నాడు పొద్దున్నే ఇంజనీరు వచ్చాడు. నల్లబడ్డ ట్రాన్స్‌ఫార్మరు కింద నిలబడి, ఇంత చెప్పించినా మోటార్లు ఎందుకు వేశారని జనాన్ని అడిగాడు. జనం ఊరుకుంటారా.

“ఏం చెప్పించారండీ? ఒక్క ముక్క అర్థమైతే కదా” అంది నీలం గేటు ఆవిడ.

“ఇత్తడి బిందెలో గులకరాళ్ళు వేసినట్టుంది సార్” అన్నాడు సెలూను అతను. “మొదటి వారం బాగుండేది. తర్వాత మా అక్క గొంతు పోయింది.”

క్లినిక్‌కు పొద్దుటి పనికి వెళుతున్న మైకాయన భార్య అక్కడే ఉంది. ఇంజనీరు ఆవిడ వైపు తిరిగి, పాపం, నెమ్మదిగానే అన్నాడు. “మీ తప్పు లేదమ్మా. గదిలో బాగానే వినపడింది. వీధికి సరిపోయే గొంతు వేరేమో. పట్నం నుంచి ఎవరినైనా చూస్తాం. అప్పటిదాకా...” అని మైకాయన వైపు చూశాడు, “పాతలాగే మీరే చెప్పండి. ఇళ్ళ సంగతులు మాత్రం వద్దు.”

రెండు వారాలుగా ఆయన దేనికోసం కుతకుతలాడిపోయాడో అది నడిచి వచ్చి ఒళ్ళో కూర్చుంది. నోరు తెరవక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు. కాంట్రాక్టరు మొహం మాడింది. ఆవిడ ‘సరే సార్’ అంది. చెయ్యి మళ్ళీ గొంతు మీదికి పోయింది, సంచీ భుజానికి తగిలించుకొని వెళ్ళబోయింది.

“గొంతులో లేదు సార్ లోపం” అన్నాడు మైకాయన.

అందరూ తిరిగారు.

“మరలో ఉంది. ట్రెబుల్ నేనే కిందికి తిప్పాను. నాలుగు రోజులైంది. నిన్నటిది కూడా అలాగే వేశాను.”

నిచ్చెన మీదున్న లైన్‌మన్ కూడా పని ఆపాడు. ఇంజనీరుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎందుకని అడిగాడు.

మైకాయన నేల చూశాడు. “ఓర్చుకోలేకపోయాను.”

ఇంజనీరు కేకలు వేయలేదు. నల్లబడ్డ ట్రాన్స్‌ఫార్మరు వైపు ఒకసారి చూశాడు. “ఈ ఏటికి మీ బండి వద్దండీ. వేరే వాళ్ళను పెట్టుకుంటాం. గొంతు ఈవిడదే ఉంటుంది, ఒప్పుకుంటే” అన్నాడు.

ఆవిడ ఒప్పుకుందో లేదో అప్పుడు చెప్పలేదు. మొగుడి ముందుకు వచ్చి నిలబడింది.

“నాలుగు రోజులా?”

“నాలుగు.”

“నాలుగు రోజులు ఉప్పునీళ్ళు పోశాను ఈ గొంతులో. మీరు చూస్తూనే ఉన్నారు. వేడినీళ్ళు తెచ్చి ఇచ్చింది కూడా మీరే.”

అది నిజమే. వేడినీళ్ళు గ్లాసులో పోసి, ఉప్పు కలిపి, చల్లారకుండా మూత పెట్టి మరీ ఇచ్చాడు. నేను కిటికీలోంచి చూసి, ఈ మధ్య మొగుడికి ఎంత ప్రేమ పెరిగిందో అని కూడా అనుకున్నాను.

ఆవిడ క్లినిక్‌కు వెళ్ళిపోయింది. వారం రోజులు ఇంట్లో మాటలు లేవు. ‘వడ్డించాను, రండి’, ‘తలుపు వేసుకోండి’ అంతే, అదీ గోడకు చెప్పినట్టు. ఆటో ఇంటి ముందే నిలిచిపోయింది. షాపుల వాళ్ళు కూడా కొన్నాళ్ళు పిలవలేదు. కరెంటు పోగొట్టినవాడితో కొత్త కొట్టు సంగతి చెప్పించుకుంటే అచ్చి రాదనుకున్నారేమో.

కొత్త ట్రాన్స్‌ఫార్మరు పెట్టారు. కొత్త ఆటో వచ్చింది, పక్క పేట వాడిది. మళ్ళీ ఆరు గంటలకు ఆ గొంతు. ఒప్పుకున్నట్టే ఉంది ఆవిడ. మొదటి రోజు మైకాయన బయటికి రాలేదు. రెండో రోజు గుమ్మం దాకా వచ్చాడు. మూడో రోజు మా అరుగు మీద కూర్చున్నాడు, మోకాలు ఎలా ఉంది పెద్దమ్మా అంటూ. నా మోకాలు అడగడానికి రాలేదని నాకూ తెలుసు.

ఆటో మా వీధిలోకి వచ్చింది. ‘విద్యుత్ వినియోగదారులకు విజ్ఞప్తి’ అని మొదలైంది. పదునుగా, తేటగా, అక్షరం అక్షరం. కాంట్రాక్టరు ఇంట్లో బయటి యంత్రం గుర్రుమనడం ఆగిపోయింది. ఇస్త్రీ తాత పెట్టె పక్కన పెట్టి విసనకర్ర అందుకున్నాడు. ఒక్కసారి పూర్తిగా వినిపించి ఆటో ముందుకు కదిలి వెళ్ళిపోయింది.

మైకాయన మొహం ఎర్రబడింది. వాళ్ళావిడ మీద కోపం ఇంకా పోలేదనుకున్నాను.

“ఏం నాయనా, ఇంకా చల్లారలేదా నీ కడుపులో?”

“వాడిని చూశావా పెద్దమ్మా? పక్క వీధిలో రెండుసార్లు వేశాడు. నేను లెక్కపెట్టాను. కాంట్రాక్టరు బావమరిది ఉన్న వీధి కదా, అక్కడ ఆపి మరీ వేశాడు. మన వీధికి ఒక్కసారేనా? ఆవిడ సొంత వీధికి?”

“వేస్తే వేశాడులే. విన్నాం కదా.”

“విన్నామంటే? మొగుణ్ణి నేను ఇక్కడ కూర్చుని ఒక్కసారి విని, ముక్కూమొహం తెలియనివాడు రెండుసార్లు వింటాడా?”

ఇంకేదో అందామనుకునే లోపే చెప్పులు కూడా వేసుకోకుండా వీధి మలుపు వైపు పరుగెత్తాడు, ఆటో ఆపమని చెయ్యి ఊపుకుంటూ.